టాస్క్ ఆర్డర్ ఇవ్వడం, దాన్ని నడపడం - అమెరికా ఫెడరల్ సర్వీస్ కాంట్రాక్టుల్లో పని చేసేవాళ్ళ కోసం

మనవాళ్ళు చాలామంది ఇక్కడ ఫెడరల్ ప్రాజెక్టుల్లో ఉన్నారు, కొందరు కాంట్రాక్టర్ కంపెనీల్లో ప్రాజెక్ట్ మేనేజర్లు, కొందరు సొంతంగా చిన్న కంపెనీ పెట్టుకున్నవాళ్ళు, సిటిజన్‌షిప్ వచ్చాక గవర్నమెంట్ సైడ్ వెళ్ళి సీవోఆర్‌లు (కాంట్రాక్ట్ పనిని గవర్నమెంట్ తరఫున రోజూ చూసుకునేవాళ్ళు) అయినవాళ్ళూ ఉన్నారు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఒకటే, "కాంట్రాక్ట్ గెలిచాం కదా, మళ్ళీ ఈ టాస్క్ ఆర్డర్ ఏంటి?" అని. నేను కొన్నేళ్ళు కాంట్రాక్టర్ సైడు, తర్వాత ఆర్డర్లు రాసే సైడు కూడా పని చేశా కాబట్టి రెండు వైపుల నుంచీ ఎలా కనిపిస్తుందో చెప్తా. కొంచెం పెద్దగా ఉంటుంది, టీ పక్కన పెట్టుకుని చదవండి.

ముందు బేసిక్. ఐడీఐక్యూ (ఇండెఫినిట్ డెలివరీ, ఇండెఫినిట్ క్వాంటిటీ) అంటే ఎంత పని ఉంటుందో, ఎప్పుడు ఉంటుందో ముందే చెప్పలేని కాంట్రాక్ట్. అది గెలవడం అంటే పని రావడం కాదు, పని అడిగించుకునే అర్హత రావడం, అంతే. అందులో గవర్నమెంట్ కచ్చితంగా ఇవ్వాల్సింది మినిమమ్ గ్యారంటీ ఒక్కటే, అది చాలాసార్లు చాలా చిన్న మొత్తం. కోట్ల సీలింగ్ (ఆర్డర్లన్నీ కలిపి దాటకూడని గరిష్ట మొత్తం) చూసి ఉద్యోగాలు ఇచ్చేసి, ఆర్డర్లు రాక చేతులెత్తేసిన కంపెనీలు ఉన్నాయి. అసలు పని, అసలు డబ్బు, అసలు డెడ్‌లైన్ అన్నీ ఆ కాంట్రాక్ట్ కింద వచ్చే ఆర్డర్లలోనే ఉంటాయి. సర్వీసులకైతే టాస్క్ ఆర్డర్, వస్తువులకైతే డెలివరీ ఆర్డర్. ఒకే ఐడీఐక్యూ నలుగురైదుగురికి ఇచ్చి ప్రతి ఆర్డర్‌కీ వాళ్ళ మధ్య పోటీ పెట్టే పద్ధతి 1994లో వచ్చిన ఫెడరల్ అక్విజిషన్ స్ట్రీమ్‌లైనింగ్ యాక్ట్‌తో బాగా స్థిరపడింది. రూల్స్ ఫార్ (ఫెడరల్ కొనుగోళ్ళ రూల్‌బుక్) పార్ట్ 16లో ఉంటాయి. 2025 నుంచి ఫార్ మొత్తాన్ని తిరగరాస్తున్నారు కాబట్టి సెక్షన్ నంబర్లు అటూ ఇటూ అవుతున్నాయి, పాత నంబర్ గుర్తుపెట్టుకుని వాదించకండి, మీ ఏజెన్సీ ఇప్పుడు ఏ టెక్స్ట్ వాడుతోందో అదే ఓపెన్ చేసి చూడండి.

ఆర్డర్ రాసే ముందు మెయిన్ కాంట్రాక్ట్ తీసి చదవాలి. నవ్వకండి, చాలామంది చదవరు. చూడాల్సినవి నాలుగే. ఆర్డరింగ్ పీరియడ్ ఇంకా ఉందా, ఎవరు ఆర్డర్ ఇవ్వొచ్చని రాశారు (కొన్నిట్లో వేరే ఏజెన్సీలు కూడా ఇవ్వొచ్చు, కొన్నిట్లో ఒక్క ఆఫీసే), ఒక ఆర్డర్‌కి కనిష్టం గరిష్టం ఎంత పెట్టారు, మొత్తం సీలింగ్‌లో ఇంకా ఎంత మిగిలింది. వీటి తర్వాతే అసలైంది, స్కోప్. మీకు కావాల్సిన పని మెయిన్ కాంట్రాక్ట్ స్కోప్‌లో పడుతుందా లేదా? దీనికి నేను వాడే లెక్క ఏంటంటే, ఆ ఐడీఐక్యూకి మొదట్లో బిడ్ వేసిన కంపెనీ ఏదైనా ఈ ఆర్డర్ చూసి "ఇలాంటి పని వస్తుందని మేం అప్పుడే ఊహించాం" అనగలదా అని అడుగుతా. హెల్ప్‌డెస్క్ కాంట్రాక్ట్ కింద కొత్త డేటా సెంటర్ డిజైన్ చేయించాలనుకుంటే ఎవరూ అలా అనరు. స్కోప్ దాటిన ఆర్డర్‌కి ఎంత చిన్న మొత్తమైనా ప్రొటెస్ట్ (అధికారిక అభ్యంతరం) వేయొచ్చు, అది గుర్తుంచుకోండి.

తర్వాత రిక్వైర్‌మెంట్ ప్యాకేజ్. ప్రోగ్రామ్ ఆఫీస్ నుంచి కాంట్రాక్టింగ్ ఆఫీసర్‌కి, అంటే సీవోకి, వెళ్ళేది ఇదే. పని వివరం రాసిన పీడబ్ల్యూఎస్, గవర్నమెంట్ సొంతంగా వేసుకున్న ఖర్చు అంచనా, డబ్బు ఉందని ఫైనాన్స్ ఇచ్చిన కాగితం, పనిని ఎలా చెక్ చేస్తామో చెప్పే సర్వైలెన్స్ ప్లాన్, సీవోఆర్ ఎవరో. వీటిలో పీడబ్ల్యూఎస్ మీద నాకు చాదస్తం ఎక్కువ. "కాంట్రాక్టర్ తగిన సపోర్ట్ అందించాలి" అని రాసిన ప్రతి లైనూ తర్వాత గొడవ అవుద్ది, ఎందుకంటే తగిన అంటే మీకు ఒకటి, వాళ్ళకి ఇంకొకటి. దానికి బదులు "టికెట్ వచ్చిన నాలుగు పని గంటల్లో మొదటి రిప్లై, నెలలో 95 శాతం టికెట్లకి" అని రాస్తే కొలవొచ్చు, బిల్లు ఆపాలన్నా ఇవ్వాలన్నా ఒక ఆధారం ఉంటుంది. ఎంతమంది మనుషులు కావాలో రాయడం కంటే ఏం ఫలితం కావాలో రాయండి, మనుషుల లెక్క కాంట్రాక్టర్ తలనొప్పి. అలాగే గవర్నమెంట్ ఏం ఇస్తుందో కూడా రాయాలి, ల్యాప్‌టాప్‌లా, బ్యాడ్జీలా, సిస్టమ్ యాక్సెస్సా. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అవ్వక మనుషులు వారాల తరబడి ఖాళీగా కూర్చుంటే ఆ డిలే ఎవరి ఖాతాలో వేయాలో ఆర్డర్‌లో రాసి లేకపోతే రెండు వైపులా ఈమెయిల్స్‌లో కొట్టుకోవడమే.

ఖర్చు అంచనా విషయంలో ఒక చిన్న మాట, దాన్ని కాంట్రాక్టర్‌ని అడిగి కాపీ కొట్టేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే రేపు వచ్చిన కోట్ సరైనదో కాదో దేనితో పోలుస్తారు? గంటలు మీరే వేసుకోండి, రేట్లు కాంట్రాక్ట్‌లో ఎలాగూ ఉంటాయి.

ఆర్డర్ టైప్ ఎంచుకోవడం కూడా ఇక్కడే. పని స్పష్టంగా ఉంటే ఫిక్స్‌డ్ ప్రైస్ (ముందే ఖాయం చేసిన ధర), అందరికీ ప్రశాంతం. ఎన్ని గంటలు పడుతుందో తెలియకపోతే టైమ్ అండ్ మెటీరియల్స్ (పని చేసిన గంటలకీ, వాడిన సామానుకీ బిల్లు), కానీ దీనికి "వేరే ఏ టైపూ సరిపోదు" అని సీవో రాతపూర్వకంగా కారణం చూపించాలి, సీలింగ్ ప్రైస్ పెట్టాలి, ఆ సీలింగ్ దాటితే కాంట్రాక్టర్ తన రిస్క్ మీద దాటినట్టే. ఇంకా అనిశ్చితి ఎక్కువుంటే కాస్ట్ టైప్ (అయిన ఖర్చు తిరిగి ఇచ్చేది), దానికి కాంట్రాక్టర్ అకౌంటింగ్ సిస్టమ్ ఒప్పుకోదగ్గది అయ్యుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, మెయిన్ కాంట్రాక్ట్ ఆ టైప్ ఆర్డర్‌ని అనుమతించాలి, లేకపోతే ఈ చర్చే అనవసరం.

ఇప్పుడు పోటీ, అంటే ఫెయిర్ ఆపర్చునిటీ. ఒకే కంపెనీకి ఇచ్చిన ఐడీఐక్యూ అయితే ఈ పేరా దాటేయండి. నలుగురు ఉంటే మాత్రం మైక్రో పర్చేజ్ లిమిట్ (మరీ చిన్న కొనుగోళ్ళ హద్దు) దాటిన ప్రతి ఆర్డర్‌కీ అందరికీ న్యాయమైన అవకాశం ఇవ్వాలి. ఆ లిమిట్ 2025 అక్టోబర్ 1 నుంచి మామూలుగా 15 వేల డాలర్లు, అంతకుముందు 10 వేలు. సింప్లిఫైడ్ అక్విజిషన్ లిమిట్, అంటే సులువైన పద్ధతిలో కొనగలిగే హద్దు, దాటితే (అది 2.5 లక్షల నుంచి 3.5 లక్షల డాలర్లు అయింది) అందరికీ నోటీస్ పంపాలి, ఏ ఆధారంతో ఎంచుకుంటామో చెప్పాలి. 7.5 మిలియన్ దాటితే ఇంకా కఠినం, ముందు ఇది 6 మిలియన్ ఉండేది. అప్పుడు ఏ ఫ్యాక్టర్లకి ఎంత ప్రాధాన్యం ఇస్తారో ముందే చెప్పాలి, జవాబు రాయడానికి సరిపడా టైమ్ ఇవ్వాలి, బెస్ట్ వాల్యూ (ధర ఒక్కటే కాక మొత్తం మీద ఏది మెరుగో) మీద ఎంచుకుంటే ఎందుకు ఎంచుకున్నారో రాసి పెట్టుకోవాలి, ఓడిపోయినవాళ్ళు అడిగితే డీబ్రీఫింగ్ (ఎందుకు ఓడారో వివరణ) ఇవ్వాలి. పోటీ లేకుండా ఇవ్వడానికి మినహాయింపులు ఉన్నాయి: ఆగలేనంత అర్జెంట్, ఆ ప్రత్యేకమైన పని ఒక్కరే చేయగలగడం, ముందు పోటీతో ఇచ్చిన ఆర్డర్‌కి సహజంగా కొనసాగింపు, మినిమమ్ గ్యారంటీ తీర్చడం, ఇలాంటివి. కానీ "వాళ్ళకి మా సిస్టమ్ తెలుసు" అనేది మినహాయింపు కాదు, నాకు ఎన్నిసార్లు ఆ వాక్యం రాసి పంపారో లెక్కలేదు. 3.5 లక్షలు దాటిన ఆర్డర్‌కి మినహాయింపు వాడితే ఆ జస్టిఫికేషన్ మామూలుగా 14 రోజుల్లో పబ్లిక్‌గా పోస్ట్ చేయాలి, అర్జెంట్ కారణంతో ఇస్తే 30 రోజులు టైమ్ ఉంటుంది.

ఓడినవాళ్ళు జీఏవోకి (ఇలాంటి అభ్యంతరాలు వినే, కాంగ్రెస్ కింద పనిచేసే ఆడిట్ సంస్థ) ప్రొటెస్ట్ వేయాలంటే సివిలియన్ ఏజెన్సీ ఆర్డర్ 10 మిలియన్ డాలర్లు దాటాలి. రక్షణ శాఖ వైపు ఇది 25 మిలియన్ ఉండేది, 2025 ఫిస్కల్ ఇయర్ డిఫెన్స్ చట్టంతో 35 చేశారు. అంతకంటే చిన్నవాటికి స్కోప్, పీరియడ్, లేదా గరిష్ట విలువ పెంచేశారు అన్న కారణం ఉంటేనే కుదురుతుంది. మీ చిన్న కంపెనీకి అన్యాయం జరిగిందనిపిస్తే లాయర్ దగ్గరికి పరిగెత్తే ముందు ఏజెన్సీలో టాస్క్ ఆర్డర్ అంబుడ్స్‌మన్ అని ఒకరు ఉంటారు, ఆ పేరు కాంట్రాక్ట్‌లోనో సొలిసిటేషన్‌లోనో ఉంటుంది, ముందు అక్కడ అడగండి, ఖర్చు లేదు.

ఎంపిక అయ్యాక ఆర్డర్ ఇష్యూ చేయడం నిజానికి చిన్న పని. తేదీ, కాంట్రాక్ట్ నంబర్, ఆర్డర్ నంబర్, ఏ క్లిన్ (కాంట్రాక్ట్‌లోని లైన్ ఐటమ్ నంబర్) కింద ఏం పని, ధర లేదా అంచనా ఖర్చు, పని ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, అకౌంటింగ్ కోడ్, పేమెంట్ ఎలా, ఇవన్నీ ఉండాలి. నోటితో ఆర్డర్ ఇవ్వడం కాంట్రాక్ట్ ఒప్పుకుంటేనే, మామూలుగా ఎమర్జెన్సీకి, దాన్ని కూడా వెంటనే కాగితం మీదకి తేవాలి. సంతకం పెట్టాక మూడు బిజినెస్ రోజుల్లో ఎఫ్‌పీడీఎస్ (ఫెడరల్ కాంట్రాక్టుల డేటాబేస్) రిపోర్ట్ పూర్తి చేయాలి. సంతకం పెట్టేది సీవో మాత్రమే, వారెంట్ (సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) ఉన్నవాళ్ళే, డైరెక్టర్ అయినా, ఎంత పెద్ద కుర్చీ అయినా వారెంట్ లేకపోతే ఆ సంతకానికి విలువ లేదు.

ఇక్కడితో పేపర్ వర్క్ అయిపోయిందనుకుంటారు, కష్టం అంతా ఇక్కడి నుంచే.

కిక్‌ఆఫ్ మీటింగ్ పెట్టండి. అందులో స్లైడ్స్ కంటే ముఖ్యమైనది ఒకటి, సీవోఆర్ అపాయింట్‌మెంట్ లెటర్ అందరి ముందూ పెట్టి వాళ్ళు ఏం చేయగలరు, ఏం చేయలేరు అని గట్టిగా చదవడం. సీవోఆర్ పని చూడొచ్చు, డెలివరబుల్స్ తీసుకోవచ్చు, ఇన్‌వాయిస్ సరిగ్గా ఉందని చెప్పొచ్చు, టెక్నికల్ సందేహాలు తీర్చొచ్చు. ధర, పరిమాణం, క్వాలిటీ, డెలివరీ తేదీ, ఇంకా ఏ షరతునైనా మార్చే హక్కు లేదు. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే నాకు తగిలిన దెబ్బ ఒకటి ఉంది. కాంట్రాక్టర్ సైడు ఉన్నప్పుడు ఒక ఏజెన్సీలో ప్రోగ్రామ్ హెడ్ కారిడార్‌లో ఆపి, "వచ్చే వారం నుంచి ఇంకో ఇద్దరు టెస్టర్లు కావాలి, మోడ్ వచ్చేస్తుందిలే" అన్నారు (మోడ్ అంటే ఆర్డర్‌ని మార్చే అధికారిక కాగితం), సీవోఆర్ పక్కనే ఉండి తల ఊపారు, మేం మంచితనానికి పోయి సోమవారం ఇద్దర్నీ పెట్టేశాం. మోడ్ రాలేదు. రెండు నెలల తర్వాత ఇన్‌వాయిస్ వేస్తే సీవో తిప్పి పంపారు, ఆర్డర్‌లో ఈ ఇద్దరు లేరు అని, కరెక్టే కదా. అనధికార కమిట్‌మెంట్ అంటారు దీన్ని, దాన్ని సరిచేయాలంటే రాటిఫికేషన్ అని ఒక ప్రాసెస్ ఉంది, గవర్నమెంట్‌కి లాభం జరిగిందా, ధర న్యాయమైనదేనా, అప్పుడు ఫండ్స్ ఉన్నాయా, ఇవన్నీ నిరూపించి పై అధికారి సంతకం పెట్టాలి, పెట్టకపోయే అవకాశమూ ఉంది. మాకు డబ్బు వచ్చేసరికి ఏడాది దాటింది, తల ఊపిన సీవోఆర్‌కి కూడా ఇబ్బంది అయింది. ఆ రోజు నుంచి నేను చేసేది ఒకటే, ఎవరు ఏం అడిగినా అదే సాయంత్రం సీవోకి ఈమెయిల్, "ఈ రోజు ఇలా అడిగారు, ఇది ఆర్డర్‌లో లేదని మా అభిప్రాయం, మీ రాతపూర్వక ఆదేశం వచ్చాకే మొదలు పెడతాం" అని. మొదట్లో కాస్త మొహం మాడ్చుకుంటారు, తర్వాత అలవాటు పడతారు.

డబ్బు లెక్క చూసే పద్ధతి చెప్తా. టైమ్ అండ్ మెటీరియల్స్ ఆర్డర్, సీలింగ్ 4 లక్షల డాలర్లు, పీరియడ్ 12 నెలలు అనుకోండి. నెలకి 40 వేలు అవుతుంటే పదో నెలకే అయిపోతుంది, రెండు నెలలు గాల్లో ఉంటాయి. స్టాండర్డ్ పేమెంట్ క్లాజ్ ప్రకారం వచ్చే 30 రోజుల్లో ఖర్చు సీలింగ్‌లో 85 శాతం దాటుతుందని అనిపిస్తే కాంట్రాక్టర్ సీవోకి చెప్పాలి, ఇక్కడ 85 శాతం అంటే 3.4 లక్షలు, అది ఎనిమిదిన్నర నెలలకి వస్తుంది, అంటే ఏడున్నర నెలల దగ్గరే లెటర్ వెళ్ళాలి. కాస్ట్ టైప్ ఆర్డర్లకి ఫండ్స్ లేదా కాస్ట్ లిమిటేషన్ క్లాజ్‌లో మామూలుగా 60 రోజులు, 75 శాతం ఉంటుంది. కానీ నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆగక్కర్లేదు, రెండో నెల ఇన్‌వాయిస్‌కే తెలిసిపోతుంది. ప్రతి నెలా మూడు అంకెలు ఒక షీట్‌లో రాసుకోండి, ఎంత శాతం టైమ్ గడిచింది, ఎంత శాతం డబ్బు అయింది, ఎంత శాతం పని అయింది. మొదటి రెండూ అందరూ రాస్తారు, మూడోది రాయరు, అసలు కథ దాంట్లోనే ఉంటుంది.

ఇన్‌వాయిస్ వచ్చాక సీవోఆర్ దాన్ని టైమ్‌షీట్లతో, లేబర్ కేటగిరీలతో పోల్చాలి. సీనియర్ ఇంజనీర్ రేటు వేశారు, ఆ మనిషికి కాంట్రాక్ట్‌లో రాసిన అర్హత ఉందా అని చూసేవాళ్ళు తక్కువ. తప్పుంటే ఇన్‌వాయిస్ అందిన ఏడు రోజుల్లో తిప్పి పంపాలి, సరిగ్గా ఉంటే ప్రాంప్ట్ పేమెంట్ రూల్స్ ప్రకారం మామూలుగా 30 రోజుల్లో చెల్లించాలి, లేట్ అయితే ఏజెన్సీ వడ్డీ కట్టాలి. ఏడు రోజులు దాటాక డ్రాయర్‌లో దొరికిన ఇన్‌వాయిస్ కథలు బోలెడు.

ఇంకో ఉచ్చు పర్సనల్ సర్వీసెస్. కాంట్రాక్టర్ మనుషులు గవర్నమెంట్ ఉద్యోగుల పక్క క్యూబికల్‌లోనే కూర్చుంటారు, రోజూ కలిసి లంచ్, దాంతో గవర్నమెంట్ మేనేజర్ వాళ్ళకి లీవ్ అప్రూవ్ చేయడం, రోజువారీ పని పంచడం, పర్ఫార్మెన్స్ మాట్లాడటం మొదలవుతుంది. చట్టం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప అది కుదరదు. ఏం కావాలో కాంట్రాక్టర్ మేనేజర్‌కి చెప్పాలి, ఎవరు చేయాలో ఆ మేనేజర్ తేల్చుకోవాలి.

మార్పులు కావాలంటే మోడ్. ఎస్‌ఎఫ్ 30 అనే ఫారం మీద వస్తుంది. అడ్రస్, అకౌంటింగ్ కోడ్ లాంటివి సీవో ఒక్కరే సంతకం పెట్టి మార్చొచ్చు, పని లేదా ధర మారితే ఎక్కువసార్లు ఇద్దరూ సంతకం పెడతారు. మోడ్ పెట్టే ముందు కూడా స్కోప్ ప్రశ్న మళ్ళీ అడగాలి, అసలు ఆర్డర్ పోటీలో లేని పనిని మోడ్ పేరుతో జొప్పిస్తే అది కొత్త పని, మళ్ళీ అందరికీ అవకాశం ఇవ్వాల్సిందే.

ఆప్షన్ పీరియడ్‌లు (గవర్నమెంట్ కావాలంటే పొడిగించుకునే గడువులు) క్యాలెండర్‌లో వేసుకోండి. స్టాండర్డ్ క్లాజ్‌లో వేరే నంబర్ రాయకపోతే ఆప్షన్ వాడతామన్న ముందస్తు నోటీస్ కనీసం 60 రోజుల ముందు ఇవ్వాలి. అది మర్చిపోతే గవర్నమెంట్‌కి ఏకపక్షంగా పొడిగించే హక్కు పోతుంది, అప్పుడు కాంట్రాక్టర్ దయ మీద ఆధారపడాలి. పాత ఆర్డర్ అయిపోతోంది, కొత్తది ఇంకా రాలేదు అన్నప్పుడు ఆర్డర్‌లో ఆ క్లాజ్ ఉంటే మొత్తం ఆరు నెలల దాకా అవే రేట్లకి పొడిగించొచ్చు. నెలనెలా జరిగే సర్వీసుకి ఈ ఏడాది డబ్బుతో ఫిస్కల్ ఇయర్ దాటి పని చేయించుకోవచ్చు, కానీ పీరియడ్ 12 నెలలు మించకూడదు. ఆర్డరింగ్ పీరియడ్‌ చివరి రోజు ఇచ్చిన ఆర్డర్ కూడా చెల్లుతుంది, అది ఎప్పటిదాకా నడవొచ్చో ఇండెఫినిట్ క్వాంటిటీ క్లాజ్‌లో ఒక తేదీ ఉంటుంది, చూసుకోండి.

పర్ఫార్మెన్స్ రేటింగ్ సీపార్స్ అనే గవర్నమెంట్ సిస్టమ్‌లో పడుతుంది, ఆ డ్రాఫ్ట్ వచ్చాక కాంట్రాక్టర్‌కి కామెంట్ రాయడానికి 14 రోజులు. ఆ ఈమెయిల్ మీ కంపెనీలో వెళ్ళిపోయిన మేనేజర్ ఇన్‌బాక్స్‌కి పోతుందేమో ఒకసారి చెక్ చేసుకోండి, నేను అలా ఒక రేటింగ్‌కి జవాబు ఇవ్వలేకపోయా, ఆ రేటింగ్ తర్వాతి మూడేళ్ళు ప్రతి ప్రపోజల్‌లో వెంట వచ్చింది.

చివరికి క్లోజ్‌అవుట్, ఎవరికీ ఇష్టం లేని పని. ఫిక్స్‌డ్ ప్రైస్ అయితే పని పూర్తయినట్టు తెలిసినప్పటి నుంచి ఆరు నెలల్లో, ఓవర్‌హెడ్ రేట్లు తేలాల్సినవైతే 36 నెలల్లో, మిగతావి 20 నెలల్లో మూసేయాలి. ఆఖరి ఇన్‌వాయిస్, గవర్నమెంట్ ఇచ్చిన సామాను వెనక్కి, బ్యాడ్జీలు వెనక్కి, అవసరమైన చోట క్లెయిమ్స్ లేవని కాంట్రాక్టర్ రిలీజ్, మిగిలిన డబ్బు డీఆబ్లిగేషన్ మోడ్ (ఆ డబ్బుని ఆర్డర్ నుంచి విడిపించే మోడ్). సెప్టెంబర్‌లో చేద్దాంలే అనుకోకండి, ఫిస్కల్ ఇయర్ ముగిసే సెప్టెంబర్ 30 ముందు రెండు వారాలు సీవో ఫోన్ ఎత్తరు. ఆ డీఆబ్లిగేషన్ రిక్వెస్ట్ జులైలో పంపేస్తే ఆ మిగిలిన డబ్బు అదే ఏడాది ఇంకో పనికి వాడుకునే చాన్స్ ఉంటుంది.